తడిపితేనే రంగు

పగలంతా నా పని మచ్చలు పట్టడం.
పాలిష్ లైను మీంచి పలక దిగుతుంటే
ట్యూబులైటు కింద ఓరగా వంగి చూసి
నీటిచారకి, గీతకి, బంగారు చుక్క రాలిన గుంటకి
పచ్చ చాక్‌పీసుతో సున్నా చుడతాను.
సున్నా పడ్డ పలక ఓడెక్కదు.
చీమకుర్తిలో నా చాక్‌పీసంటే సేట్లకి కూడా భయమే.

రాత్రయితే అవే కళ్ళతో
ఒక్క మచ్చ కోసం వెతుకుతాను.

పుష్యమాసం. గొల్లకావిడి మూడు చుక్కలూ
నీళ్ళ ట్యాంకు మీదికొచ్చేసరికి పదిన్నర.
కావిడికి వేలాడే ఉట్టిలో ఇంకో మూడు, చిన్నవి.
వాటిలో నడిమిది చుక్క కాదు, పొగ.

అద్దంకి సైన్సు మేష్టారు
కంటికి పొర వచ్చాక అమ్మేసిన ఆరంగుళాల టెలిస్కోపు,
మేనల్లుడు పెళ్ళిళ్ళకి వాడి వదిలేసిన కెమెరా,
ఫ్యాక్టరీ మూలన పారేసిన గెలాక్సీ పలక ముక్క
(సున్నా చుట్టింది నేనే, మోసుకొచ్చింది నేనే)
దాని మీద మూడు కాళ్ళూ కదలకుండా నిలబెడితే
పెరట్లో, బట్టలుతికే రాయి పక్కన
నా వేధశాల తయారు.

మా నల్లరాయికి గెలాక్సీ అని పేరెట్టిందెవరో,
వాడు ఒక్క రాత్రయినా మెడ ఎత్తాడో లేదో.

ముందు దుమ్ము దిగాలి.
సాయంత్రం క్వారీలో మందు పేల్చిన దుమ్ము
అరుగుల మీద, ఆరేసిన చీరల మీద, అన్నంలో కూడా దిగి
పదకొండుకి గాలి తేరుకుంటుంది,
కుండలో ఒండ్రునీళ్ళు తేరుకున్నట్టు.
తూర్పున ఒంగోలు వెలుతురు మాత్రం తేరుకోదు.

ఎనిమిది సెకన్లు. ఆగు. మళ్ళీ ఎనిమిది.
రెండు వందల నలభై సార్లు.
ఊపిరి కూడా మెల్లగా.
మంచుకి అద్దం చెమర్చితే జుట్టారబెట్టే మిషను.
కుక్క ఒకటి వచ్చి మూడు కాళ్ళనీ వాసన చూసి
వద్దులే అనుకుని పోయింది.

రెండో షిఫ్టు దిగిన మీరావలి
గోడ మీద గడ్డం ఆనించి అంతా అయ్యేదాకా ఉన్నాడు.
కెమెరా ఊడదీసి రమ్మన్నాను.
రాతిపెచ్చు ఎగిరి ఒక కన్ను పోయినవాడు,
ఉన్న కన్ను గొట్టానికి ఆనించి చాలాసేపు చూశాడు.
"బూడిదే గదక్కా. పొయ్యిలోంచి ఊదినట్టుంది."
అబద్ధం కాదు. కంటికి అంతే అది.

ఆదివారం పొద్దున ఫ్రేము మీద ఫ్రేము పేర్చి
ల్యాప్‌టాపు అతని వైపు తిప్పాను.
అంచున నేరేడు రసం పిండినట్టు,
లోపల గులాబి, నడిమధ్య కొలిమి తెలుపు,
ఒక మూల కాకిరెక్కంత చీకటి.
పదమూడు వందల ఏళ్ళ కింద బయల్దేరిన వెలుతురు
వచ్చి వచ్చి మా బట్టలరాయి పక్కన దిగింది.

"రంగేశావా?"
"లేదురా. ఉన్నదే. మన కన్ను ఆగి చూడదు, కెమెరా ఆగుద్ది."

నమ్మలేదు. టీ గ్లాసు దించి, కాసేపూరుకుని, తనే అన్నాడు:
"కోసిన బండ ఎండలో బూడిదగానే ఉంటది గదక్కా.
కొనేవాడొస్తే మేం చెంబుడు నీళ్ళు కొడతాం.
అప్పుడు లేస్తది నలుపు, అందులో బంగారం.
అయితే దీనిమీద నువ్వు
రెండొందల నలభై చెంబులు పోశావన్నమాట."

ఇరవై ఏళ్ళు పలకలు చూసిన నాకు
ఆ మాట తోచలేదు.

నిజానికి ఒక చెంబు తక్కువ.
నూట పన్నెండో ఫ్రేము లెక్కలోకి రాలేదు.
కృష్ణపట్నం ఓడకి బండలెత్తుకున్న లారీ
మా సందు చివర గేరు మార్చినప్పుడు
నేల వణికి, పలక వణికి,
ప్రతి చుక్కా వానపాములా మెలికపడింది.
కంప్యూటరు దాన్ని పక్కకి నెట్టేసింది,
నేను పలకల్ని నెట్టేసినట్టే.

దాన్నొక్కదాన్నే ప్రింటు తీయించి
వంటింటి తలుపుకి అంటించాను.
సున్నా చుట్టలేదు.